25 చదరపు మీటర్ల చెనిక్కాయ: ఊరి దిగుబడి లెక్క ఎక్కడ తప్పుతుంది?

కళ్యాణదుర్గం_చేను:
అందరికీ నమస్కారం. ఖరీఫ్ చెనిక్కాయ (వేరుశనగ) కట్టె పీకే రోజులు దగ్గర పడ్డాయి. పంటకోత ప్రయోగాల గురించి ఊళ్లో తలా ఒక మాట చెప్తున్నారు. పంచాయతీకి నాలుగు చోట్ల, ఒక్కో చోట ఐదు మీటర్ల చదరం పీకి, తూకం వేసి, దాన్ని బట్టే ఊరంతటి దిగుబడి రాస్తారంట. వెయ్యి ఎకరాలకు వంద చదరపు మీటర్లు ఎట్లా సాక్ష్యం అవుతాయి? ఆ అంకె ఇక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోతుంది? తప్పు జరిగితే ఎక్కడ జరుగుతుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

నాలుగు_గుంజలు:
అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. కానీ చేను కుండ కాదు, గరిటె పెట్టి కలపలేం. అందుకే ఏ మెతుకు పట్టాలో మన చేతిలో ఉండకూడదు. ప్రయోగం మొత్తం నిలబడేది ఈ ఒక్క నియమం మీదే.

వరస ఇది. ముందే యాదృచ్ఛికంగా తీసిన సర్వే నంబర్ జాబితా ఉంటుంది. ఆ నంబర్లో ఆ పంట వేయకపోతే జాబితాలో తర్వాతి నంబర్‌కు పోవాలి. రోడ్డు పక్కన ఉంది, జీపు పోతుందని ఇంకో చేను తీసుకోకూడదు. చేను దొరికాక నైరుతి మూలన నిలబడతారు. పొడవు, వెడల్పు అంగలతో కొలుస్తారు. ఉదాహరణకు 60 అంగల పొడవు, 40 అంగల వెడల్పు అనుకోండి. ఐదు మీటర్లంటే సుమారు 7 అంగలు. అవి తీసేస్తే 53, 33 మిగులుతాయి. ఆ హద్దులోపు యాదృచ్ఛిక సంఖ్యల జత తీసుకోవాలి. 31, 18 వచ్చాయంటే పొడవు వెంట 31 అంగలు నడిచి, అక్కడి నుంచి చేలోకి 18 అంగలు పోయి మొదటి గుంజ కొట్టాలి. అది ప్లాట్‌కు నైరుతి మూల. అక్కడ కలుపున్నా, రాయున్నా, చెట్లు ఎండిపోయి ఉన్నా అక్కడే కొట్టాలి. "ఇక్కడ పంట బాగలేదు, రెండంగలు జరుగుదాం" అన్న క్షణానే లెక్క చచ్చిపోయింది.

నాలుగు గుంజలు కొట్టాక నాలుగు వైపులా 5 మీటర్లు ఉంటే చదరం వచ్చిందని కాదు, మూలలు వాలిపోవచ్చు. ఐమూలలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరం కొలవాలి. రెండూ 7.07 మీటర్లు రావాలి. ఒకటి 6, ఇంకోటి 8 వచ్చిందంటే భుజాలన్నీ 5 ఉన్నా విస్తీర్ణం 24 చదరపు మీటర్లే. అక్కడే 4 శాతం పోయింది. తాడు నేలకు ఆనించి బిగువుగా కట్టాలి. చెనిక్కాయ కొమ్మలు తాడు దాటి పాకుతాయి కాబట్టి కొమ్మను కాదు, మొదలును చూడాలి. మొదలు లోపలుంటే చెట్టు లోపలిది, బయటుంటే బయటిది.

చెనిక్కాయ_సామి:
ఐదు మీటర్లే ఎందుకప్పా? ఒక మీటరు చదరం ఇరవై చోట్ల పీకితే ఎక్కువ చేన్లు చూసినట్లు కదా? పని కూడా తేలిక.

నాలుగు_గుంజలు:
సామీ, ఈ ప్రశ్న మీదే 1940లలో దేశంలో పెద్ద వాదం నడిచింది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్లో చిన్న చిన్న కోతలతో సర్వేలు చేయించారు. ఇంకో ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే వ్యవసాయ పరిశోధన మండలి తరఫున పెద్ద ప్లాట్లు కావాలన్నారు. చిన్న ప్లాట్లలో దిగుబడి అసలు కంటే ఎక్కువ కనబడుతోందని సుఖాత్మే చూపించారు. కారణం అంచు. హద్దు మీదున్న చెట్టును పీకేవాడి చెయ్యి తెలియకుండానే లోపలికి లాగుతుంది.

లెక్క వేసి చూడండి. తాడు ప్రతివైపూ 10 సెంటీమీటర్లు బయటకు జరిగిందనుకుందాం. 5 మీటర్ల చదరం 5.2 అవుతుంది, విస్తీర్ణం 27.04, తప్పు 8 శాతం. అదే ఒక మీటరు చదరమైతే 1.2 అవుతుంది, విస్తీర్ణం 1.44, తప్పు 44 శాతం. చెయ్యి జారింది ఒకే పది సెంటీమీటర్లు. పైగా ఇది ఇరవై ప్లాట్లు పీకినా పోయే తప్పు కాదు, ప్రతిసారీ పైకే నెడుతుంది.

బీమాలెక్క:
దీనికి తూకం సంగతి కలపాలి. 25 చదరపు మీటర్ల నుంచి హెక్టారుకు పోవాలంటే 400తో గుణిస్తారు. ప్లాట్ దగ్గర 100 గ్రాములు తేడా వస్తే హెక్టారుకు 40 కిలోలు, ఎకరాకు 16 కిలోలు మారుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది తేమ దగ్గర. అప్పుడే పీకిన కాయలో మూడో వంతుకు పైగా నీళ్లే ఉండొచ్చు. తడి బరువు రాసుకుని, కొంత కాయ ఎండబెట్టి ఎంత తగ్గిందో తూచి, ఆ నిష్పత్తితో ఎండు దిగుబడి కట్టాలి. ఈ ఆరుదల లెక్క తప్పితే ఏమవుతుందో ఊహించిన అంకెలతో చూపిస్తా.

ఒక పంచాయతీలో గత ఏడేళ్ల దిగుబడి హెక్టారుకు 900, 450, 1100, 300, 800, 1000, 700 కిలోలు అనుకుందాం. ఫసల్ బీమా (కేంద్రం పంట బీమా పథకం) నిబంధనలో ఏడేళ్లలో మేలైన ఐదేళ్లు తీసుకుంటారు. 1100, 1000, 900, 800, 700. సగటు 900. ఆ సగటులో బీమా ఎంత వరకు హామీ ఇస్తుందో చెప్పే నష్టపరిహార స్థాయి 80 శాతమైతే హామీ దిగుబడి 720 కిలోలు. దానికంటే తగ్గితేనే పరిహారం. ఈ ఏడు నాలుగు ప్లాట్ల సగటు ఎండు కాయ 1.35 కిలోలు వచ్చింది. 400తో గుణిస్తే 540. లోటు 180, అంటే 720లో నాలుగో వంతు. బీమా మొత్తం ఎకరాకు 20,000 అయితే పరిహారం 5,000.

ఇప్పుడు అదే కాయను సరిగా ఆరకముందే తూచి, ఎండు బరువు గడిలో 1.80 అని రాశారనుకోండి. 400తో గుణిస్తే సరిగ్గా 720. లోటు సున్నా, పరిహారం సున్నా. ప్లాట్‌కు 450 గ్రాముల నీళ్లు పంచాయతీలో బీమా ఉన్న ప్రతి చెనిక్కాయ రైతుకూ రావాల్సిన ఎకరాకు 5,000 తినేసినట్లు.

కళ్యాణదుర్గం_చేను:
బీమాలెక్క అన్నా, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నాలుగు ప్లాట్లు చాలునా అన్నది మాత్రం ఇంకా అర్థం కాలేదు.

బీమాలెక్క:
చాలవు అనే నా మాట. మార్గదర్శకాల్లో ఊరు లేదా పంచాయతీ యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటకు 4, మండలం స్థాయి యూనిట్‌కు 10 అని కనీస సంఖ్య పెట్టారు. ఊళ్లో చేనుకూ చేనుకూ దిగుబడి తేడా సగటులో 40 శాతం ఉందనుకుందాం. బోరున్న చేను, బోరు లేని చేను పక్కపక్కనే ఉండే మన దగ్గర అది పెద్ద ఊహేం కాదు. నాలుగు ప్లాట్ల సగటుకు ప్రామాణిక దోషం (అసలు సగటు నుంచి మామూలుగా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె) 40ని 4 వర్గమూలంతో భాగించినంత, అంటే 20 శాతం. 16 ప్లాట్లయితే 10 శాతం. తప్పును సగం చేయాలంటే పని నాలుగింతలు కావాలి. అందుకే ఊరి అంకె వణుకుతుంది, మండలం అంకె కొంత కుదురుగా ఉంటుంది, జిల్లా అంకె ఇంకా మేలు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా కట్టిన దిగుబడికి 30 శాతం వాటా ఇచ్చే పద్ధతి 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకు వచ్చింది. చెనిక్కాయ కాయ నేలలో ఉంటుంది, పై ఆకు పచ్చగున్నా లోపల ఊడలు (కాయ కట్టే కాడలు) దిగకపోవచ్చు. కాబట్టి మన పంటకు చేలో గుంజ కొట్టక తప్పదు.

చెనిక్కాయ_సామి:
ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. కరువు ఏడు ప్లాట్‌కు రెండు మూడు వందల గ్రాములు తగ్గించి రాస్తే రైతుకే కదా మేలు? దానివల్ల ఎవరికి నష్టం?

నాలుగు_గుంజలు:
రైతుకే నష్టం సామీ. మీ మనసులో ఉన్నది దయే, కానీ ఆ అంకె ఈ ఏడుతో పోదు. వచ్చే ఏడేళ్లు సగటులో కూర్చుంటుంది. మేలైన ఐదేళ్లే తీస్తారు కాబట్టి రెండు చెడ్డ ఏళ్ల వరకు కాపు ఉంది. మన జిల్లాలో ఏడేళ్లలో మూడోసారి కరువు రావడం కొత్తా? మూడో ఏడు తగ్గించి రాసిన అంకె నేరుగా సగటులోకి దిగుతుంది, హామీ దిగుబడి కిందికి వస్తుంది. ఆ తర్వాత నిజంగా పంట పోయిన ఏడు "మీ ఊళ్లో ఎప్పుడూ ఇంతే కదా" అని లెక్కే చెప్తుంది.

ఇంకోటి, పక్క ఊళ్లలో 600 ఉండి ఒక్క ఊళ్లోనే 250 వస్తే బీమా కంపెనీ అభ్యంతరం పెడుతుంది. ప్రయోగం దగ్గర ఉండి చూసే హక్కు వాళ్లకూ ఉంది. వివాదం తెగేదాకా పరిహారం ఆగుతుంది. నిజాయతీగా రాసిన నాలుగో ప్లాట్ కూడా ఆ అనుమానంలో పడి మునుగుతుంది.

ధర_దిగుబడి_కడప:
గుంజలు గారి మాటకు ఢిల్లీ వైపు నుంచి ఒక ముక్క. మద్దతు ధర పథకం కింద చెనిక్కాయ లాంటి నూనెగింజల కొనుగోలుకు రాష్ట్ర ఉత్పత్తిలో 25 శాతం అని పరిమితి ఉంది. ఆ ఉత్పత్తి ఎక్కడిది? విస్తీర్ణాన్ని ఈ ప్రయోగాల దిగుబడితో గుణించిందే. అంచనా 4 లక్షల టన్నులైతే లక్ష టన్నులు కొనొచ్చు. అందరూ దయతో తగ్గించి రాసి 3 లక్షలు చేస్తే 75 వేల టన్నులే. మార్కెట్ ధర మద్దతు ధర కింద పడ్డ ఏడు ఆ 25 వేల టన్నుల రైతులు గేటు బయట నిలబడాలి. 2025–26 ఖరీఫ్‌కు చెనిక్కాయ మద్దతు ధర క్వింటాల్‌కు 7,263. గేటు బయట క్వింటాల్‌కు ఎంత తగ్గితే అంత పోయినట్లే.

నూనెల దిగుమతి సుంకం పెంచాలా తగ్గించాలా అన్న నిర్ణయం కూడా ముందస్తు అంచనాలు చూసే తీసుకుంటారు. పంట తక్కువని అంచనా వచ్చి సుంకం తగ్గించాక, కల్లాల నుంచి అనుకున్నదానికంటే ఎక్కువ కాయ దిగితే ధర రెండు వైపుల నుంచీ నలుగుతుంది. దేశ స్థూల ఆదాయంలో వ్యవసాయ భాగం కట్టేది కూడా ఇవే విస్తీర్ణం, దిగుబడి అంకెలతో. చేలో కట్టిన తాడుకు, బడ్జెట్‌కు మధ్య దూరం జనం అనుకునేంత లేదు.

అడంగల్_నుంచి_ఈపంట:
అందరూ దిగుబడే మాట్లాడుతున్నారు. గుణకారంలో రెండో సగం విస్తీర్ణం. అక్కడ జరిగే తప్పులు ఇంకా పెద్దవి.

మొదటిది అంతరపంట. ఏడు సాళ్లు చెనిక్కాయ, ఒక సాలు కంది వేస్తారు. ఎనిమిది ఎకరాల్లో ఏడు చెనిక్కాయ, ఒకటి కంది అని పంచి రాయాలి. మొత్తం చెనిక్కాయే అని నమోదైతే ఏడుకు బదులు ఎనిమిది, 14 శాతం ఎక్కువ. కందికి సున్నా. రాష్ట్రంలో కంది అంచనా తగ్గడానికి ఇట్లాంటి సాళ్లు కూడా కారణమే.

ఇక్కడే ఇంకో మెలిక. పంటకోత చదరంలో కంది సాలు కూడా పడిందనుకోండి. అప్పుడు వచ్చిన చెనిక్కాయ దిగుబడి కంది జాగాతో కలిపి వచ్చిన దిగుబడి, అప్పటికే తగ్గింది. దాన్ని మళ్లీ ఎనిమిదిలో ఏడు వంతుల విస్తీర్ణంతో గుణిస్తే రెండుసార్లు తగ్గించినట్లు. దిగుబడి మొత్తం జాగా మీద కొలిస్తే విస్తీర్ణం కూడా మొత్తం తీసుకోవాలి. దిగుబడి చెనిక్కాయ సాళ్ల జాగాకే కడితే విస్తీర్ణమూ అంతే. ఫారంలో అంతరపంట గడి ఖాళీగా వదిలేస్తే పైన కూర్చున్నవాళ్లు ఏది ఏదో తేల్చలేరు.

రెండోది ఎండిపోయిన చేను. జూలైలో విత్తితే ఆగస్టులో ఎండి, గుంటక తోలి ఉలవ వేసిన చేన్లు ఉంటాయి. అక్కడ రెండు నమోదులు ఉండాలి, మొదటి పంట వేసినట్టు, పోయినట్టు, ఆ తర్వాత ఉలవ. మొదటిదాన్ని చెరిపేసి ఉలవ ఒక్కటే పెడితే ఆ ఊళ్లో చెనిక్కాయ నష్టమే జరగనట్టు అవుతుంది.

మూడోది కౌలు. దున్నేవాళ్ల పేరు కాకుండా పట్టాదారు పేరు ఎక్కితే విస్తీర్ణం లెక్క చెడదు, కానీ పరిహారం దారి తప్పుతుంది. సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకు ఇచ్చే సాగు హక్కు కార్డు) ఉన్నవాళ్లు ఈ-పంట నమోదు అప్పుడే, అంటే ఏ చేలో ఏ పంట ఉందో ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడే చూపించాలి. సామాజిక తనిఖీకి జాబితా పెట్టినప్పుడు పేరు, సర్వే నంబర్, పంట, విస్తీర్ణం, విత్తిన తేదీ ఐదూ చూసుకోవాలి. పేరు ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు.

నాలుగు_గుంజలు:
అక్కా, రెండోదానికి నేను గట్టిగా తోడు. ఎంపికైన చేలో పంట పూర్తిగా పోయి ఉంటే దిగుబడి సున్నా అని రాయాలి. దాన్ని వదిలి నిలబడ్డ చేనుకు పోకూడదు. నాలుగు ప్లాట్లలో 0, 500, 600, 700 వస్తే సగటు 450. సున్నా చేను బదులు ఇంకో 600 చేను పెడితే సగటు 600. బతికిన చేన్లనే కొలిచి ఊరు బతికిందని రాసినట్టు. ఇది గ్రాముల తప్పు కాదు, అన్నిటికంటే పెద్ద తప్పు. ఏ దురుద్దేశం లేకుండా కూడా జరిగిపోతుంది, ఎందుకంటే ఎండిన చేలో పీకడానికి ఏమీ ఉండదు, "ప్రయోగం చేయలేం" అనిపిస్తుంది.

వానకొలత:
వాన అంకె సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మి.మీ. మాత్రమే. చెనిక్కాయకు ఇక్కడ వాతావరణ ఆధారిత బీమా నడిచిన ఏళ్లు ఉన్నాయి. అందులో దిగుబడి చూడరు, వాన కొలిచే మాపకం ఏం చెప్తే అదే. కరువు మండలాల ప్రకటనకూ మొదటి మెట్టు వానే.

వాతావరణ శాఖ వర్గీకరణలో సాధారణం కంటే 19 శాతం వరకు తక్కువైతే "సాధారణమే". 20 నుంచి 59 వరకు "లోటు". 60 నుంచి "తీవ్ర లోటు". ఆ తేదీకి పడాల్సింది 200 మి.మీ. అనుకుందాం. 162 నమోదైతే సాధారణం, 160 అయితే లోటు. రెండు మిల్లీమీటర్లు మండలం వర్గాన్నే మార్చేస్తాయి.

ఆ రెండు మిల్లీమీటర్లు ఎక్కడ పోతాయో చెప్తా. చేతి మాపకం గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లదీ ఉంటుంది, 100దీ ఉంటుంది. పెద్దదాంట్లో ఒక మిల్లీమీటరు వాన అంటే 20 మిల్లీలీటర్ల నీళ్లు, చిన్నదాంట్లో 10. కొలగాజు పగిలితే దొరికిన ఇంకో గాజు పెడతారు. చిన్న గరాటుకు పెద్దదాని గాజు పెడితే 20 మి.మీ. వాన 10గా కనబడుతుంది. అంటే పదునయిన వాన పదును కాని వానగా పుస్తకంలోకి ఎక్కుతుంది. గాజు మీద ఏ గరాటుకో రాసి ఉంటుంది, చూసుకుంటే చాలు.

ఇక స్థలం. నోరు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, మట్టంగా ఉండాలి. చుట్టూ ఉన్న దేనికైనా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాలి. పెట్టిన రోజు ఖాళీ స్థలమే ఉంటుంది. పదేళ్లకు పక్కన వేపచెట్టు 5 మీటర్లు పెరుగుతుంది, ప్రహరీ లేస్తుంది. గాలితో వచ్చే వాన అటే ఆగిపోతుంది.

ఆటోమేటిక్ మాపకంలో గరాటు కంతకు ఆకు అడ్డం పడితే వాన రోజు సున్నా చూపించి, తర్వాత చుక్కచుక్కగా రెండు రోజులు వాన పడినట్టు చూపిస్తుంది. జడివానలో లోపలి బకెట్ ఒరిగే వేగం చాలక తక్కువ లెక్కిస్తుంది. పక్కన చేతి మాపకం ఒకటి ఉంచి పోల్చుకోవడమే దీనికి మందు.

అన్నిటికంటే పాడు అలవాటు ఖాళీ గడిలో సున్నా వేయడం. కొలవలేదు అన్నదానికీ, వాన పడలేదు అన్నదానికీ చాలా తేడా ఉంది. రోజూ ఉదయం 8:30కి తీయాలి. ఆదివారం తీయకుండా సోమవారం రెండు రోజుల నీళ్లు కలిపి కొలిచి, ఆదివారం సున్నా వేస్తే మొత్తం సరిపోతుంది కానీ వాన రోజుల లెక్క చెడుతుంది. 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితేనే అది వాన రోజు. వరుసగా ఎన్ని పొడి రోజులు అన్నదాని మీద బీమా చెల్లింపు ఉన్నప్పుడు ఒక్క దొంగ సున్నా చాలు. కొలవని రోజు "నమోదు లేదు" అని రాయాలి.

కళ్యాణదుర్గం_చేను:
రాత్రి పడిన వాన ఏ తేదీ కింద రాస్తారు? ఊళ్లో చెప్పే తేదీకీ, మండలం లెక్కకూ ఎప్పుడూ ఒక రోజు తేడా కనబడుతుంది.

వానకొలత:
11వ తేదీ ఉదయం 8:30 నుంచి 12వ తేదీ ఉదయం 8:30 దాకా పడింది 12వ తేదీ కింద ఎక్కుతుంది. 11 రాత్రి వాన 12న కనబడటం తప్పు కాదు. అర్జీ రాసేటప్పుడు ఈ తేడా చూసుకోకపోతే "ఆ రోజు వానే లేదు" అని తిప్పి పంపుతారు.

అంకెల_బుక్కు_కర్నూలు:
పాత అంకెలతో పోల్చేవాళ్లకు ఒక హెచ్చరిక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. 63 మండలాల పాత అనంతపురం అనంతపురంగా, శ్రీసత్యసాయిగా మారింది. మా కర్నూలు కర్నూలుగా, నంద్యాలగా మారింది. 2021–22 అనంతపురం చెనిక్కాయ పక్కన 2022–23 అనంతపురం పెట్టి "ఉత్పత్తి కూలిపోయింది" అని గ్రాఫులు గీస్తున్నారు. కూలింది పంట కాదు, హద్దు. మండలం స్థాయి అంకెలు తీసుకుని, ఇప్పటి హద్దుల ప్రకారం పాత ఏళ్లను మళ్లీ కూడుకోవాలి. దిగుబడిని మాత్రం కూడి రెండుతో భాగించకూడదు. ఒక్కో మండలం దిగుబడిని దాని విస్తీర్ణంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం విస్తీర్ణంతో భాగించాలి.

జనాభా సంగతి కూడా ఇంతే. 2011 లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జనాభా సుమారు 40.8 లక్షలు. చౌక బియ్యానికి పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం దాకా అని ఆహార భద్రత చట్టం పెట్టిన వాటా ఆ 2011 తలకాయల మీదే లెక్కించారు. తర్వాత పుట్టిన పిల్లలు ఆ అంకెలో లేరు, తర్వాత పల్లె వదిలి బెంగళూరు పోయిన కుటుంబాలు ఇంకా అందులోనే ఉన్నాయి. పాత అంకె తప్పు అంకె కాకపోవచ్చు, కానీ ఇవాళ్టి నిర్ణయానికి అది చాలదు.

చెనిక్కాయ_సామి:
నా ప్రశ్నకు జవాబు దొరికింది. తగ్గించి రాయమని అడగడం కంటే సున్నా చేను సున్నాగా ఎక్కేటట్టు చూసుకోవడం మేలని అర్థమయింది. ఇంక చేలో నిలబడినప్పుడు చేతిలో ఏముండాలో చెప్పండప్పా.

నాలుగు_గుంజలు:
సిబ్బంది దగ్గరే ఉంటాయి, మీరు పక్కన నిలబడి చూడండి. టేపు సాగని రకమా? ఐమూలలు రెండూ చదివారా? యాదృచ్ఛిక సంఖ్యలు పీకకముందే ఫారంలో రాశారా, తర్వాతా? తూకం యంత్రం ఖాళీగా సున్నా చూపిస్తోందా? గోనెసంచి బరువు తీసేశారా? మామూలు సంచి 600 గ్రాముల దాకా ఉంటుంది. అది కాయతో కలిసిపోతే హెక్టారుకు 240 కిలోలు గాల్లోంచి వచ్చినట్టు. తడి బరువు, ఎండు బరువు వేర్వేరు గడుల్లో రాశారా? రాలిన కాయ ఆ చదరం లోపలిది ఏరి కలిపారా? అంతా అయ్యాక నిండిన ఫారాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

కళ్యాణదుర్గం_చేను:
మా పంచాయతీలో చెనిక్కాయ సగం కె6 రకం, సగం లేపాక్షి రకం. కె6 ముందు పీకుతారు, లేపాక్షి రెండు వారాలు ఆలస్యం. అధికారులు ఒకే రోజు వచ్చి నాలుగూ పీకేస్తే?

నాలుగు_గుంజలు:
అట్లా కుదరదు. ఎంపికైన చేను రైతు ఏ రోజు పీకుతాడో ఆ రోజే ప్రయోగం. లేపాక్షిని కె6తో పాటు పీకితే కాయ నిండదు, దిగుబడి తక్కువ వస్తుంది. కె6ను లేపాక్షి కోసం ఆపితే ఊడలు కుళ్లి కాయ నేలలోనే తెగిపోతుంది. నాలుగు సర్వే నంబర్లు ఏవో ఇప్పుడే రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ఒక్కో చేను విత్తనం రకం, విత్తిన తేదీ, పీకే తేదీ కాగితం మీద రాసి ఇవ్వండి. వారం ముందు ఇస్తే వాళ్ల తిరుగుడు దానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు.

కళ్యాణదుర్గం_చేను:
రేపు పొద్దున పోయి అడుగుతా. నంబర్లు తెలిశాక ఇక్కడే పెడతా.